మబ్బు గీయని మార్పు

హన్మాండ్లుకు అక్షరం ముక్క రాదు గాని, నక్షా చదవడంలో గల్ఫ్‌లోని ముసఫ్ఫా యార్డు మొత్తంలో ఆయన్ని మించినవాడు లేడు. అంకెలు తెలుసు, గీతలు తెలుసు, గుర్తులు తెలుసు. ఇరవై ఒక్క ఏళ్లుగా ఇనుప కడ్డీలు వంచి కట్టే మనిషి. కొత్త డ్రాయింగు చేతికిస్తే దాని మీదున్న ఇంగ్లిషు జోలికి పోడు. ముందు మబ్బు ఎక్కడుందా అని వెతుకుతాడు.

మబ్బంటే ఆకాశంలోది కాదు. పాత డ్రాయింగులో ఏదైనా మారిస్తే, మార్చిన చోటు చుట్టూ వంకర్లు వంకర్లుగా ఒక గీత గీస్తారు. పక్కన చిన్న త్రికోణం వేసి, అది ఎన్నో మార్పో అందులో అంకె రాస్తారు. ఆఫీసువాళ్లు దాన్ని క్లౌడ్ అంటారు, యార్డులో హిందీవాళ్లు బాదల్ అంటారు, మనవాళ్లు మబ్బు అంటారు. మబ్బు లోపలున్నది కొత్తది, బయటున్నది పాతది, అంతే లెక్క. ఆ ఒక్క నమ్మకం మీదే అంతమంది ఎండలో నిలబడి కడ్డీలు కోస్తుంటారు.

ఆ మబ్బులు గీసే ఉద్యోగం మల్లేశ్‌ది. అదే కంపెనీ, అదే యార్డు. కాకపోతే ఇతను ఏసీ క్యాబిన్లో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. ఇద్దరిదీ ఒకే ఊరు, మోతుకుంట. పనివాళ్లుండే మఫ్రఖ్ క్యాంపులో ఇద్దరిదీ ఒకే గది, ఒకే పొయ్యి. మల్లేశ్ ఆయన్ని కాక అని పిలుస్తాడు.

జూన్ ఆఖరు గురువారం మధ్యాహ్నం క్యాబిన్లో మల్లేశ్ కంపెనీ పని పక్కనపెట్టి తన ఊరి నక్షా తెరిచాడు. మోతుకుంటలో బడి వెనకున్న సర్కారు జాగాలో కొత్త ఇండ్లు రాబోతున్నాయి. రెండేళ్ల కింద గ్రామసభలో అందరూ కూర్చుని అరవై ఇండ్లకు నక్షా ఒప్పుకున్నారు. ఇప్పుడు ఇంకో పద్నాలుగు ఇండ్లు మంజూరయ్యాయి. నక్షా మార్చాలి, ఆదివారం సభలో మళ్లీ అందరిచేతా సంతకాలు, వేలిముద్రలు తీసుకోవాలి. గ్రామాభివృద్ధి కమిటీ అధ్యక్షుడు రాజ్యం ఆ పని మల్లేశ్‌కు అప్పజెప్పాడు. గల్ఫ్ అంతా ఊరికి దుబాయే; ఆ దుబాయ్‌లో కూర్చుని ఊరికి నక్షా గీస్తున్నాడంటే మాటలా! వారం రోజులుగా మల్లేశ్ కాళ్లు నేలమీద లేవు.

పద్నాలుగు ప్లాట్లూ గీశాడు. చుట్టూ శుభ్రంగా మబ్బు వేశాడు, త్రికోణంలో రెండు అంకె వేశాడు. చూడమని పంపిన కాసేపటికి రాజ్యం నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"తమ్మీ, మంచిగ గీసినవ్. గని ఆ ముప్పై ఫీట్ల రోడ్డున్నది సూడు, కిందివాడోల్ల ఇండ్ల ముంగటికెల్లి వొయ్యేది. దాన్ని జర మీదికి జరుపు, మన వరుస ముంగటికి. వాళ్లకు ఎనిమిది ఫీట్ల సందు సాలు. కార్లున్నయా, ట్రాక్టర్లున్నయా వాళ్లకు? నీ ప్లాటు సుత మూలమీదికొస్తది, మంచిగ మడిగె ఏసుకోవచ్చు. ఇగ దీన్ని పెద్దగ సూపెట్టకు. మల్ల పంచాది ఎందుకు?"

కిందివాడంటే దళితవాడ. పద్దెనిమిది ఇండ్లు. అందులో పదకొండో నంబరు ప్లాటు హన్మాండ్లుది. రాజ్యం అన్న మన వరుస పైనున్న కాపులది, మల్లేశ్‌ది అందులోనే.

మల్లేశ్ ఆ మెసేజ్ రెండోసారి విన్నాడు. కుదరదన్నా అని చెప్పడానికి నోరుంది. కాని మోతుకుంటలో కమిటీ మాట కాదన్న ఇంటికి నీళ్లు బందు, పాలు బందు, పలకరింపు బందు. ఆ ఊళ్లో తల్లీ, భార్య మాలతీ ఇద్దరే ఉంటున్నారు. ఇదీ భయం. ఇక ఆశ సంగతి, మూలమీద ప్లాటు, రోడ్డువైపు తెరుచుకునే దుకాణపు మడిగె. భయం సగం, ఆశ సగం అని తనకు తాను చెప్పుకున్నాడు గాని, నిజం చెప్పాలంటే ఆశే కొంచెం ఎక్కువ.

రోడ్డు జరపడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. గీతలు పట్టుకుని పైకి లాగాడు. కిందివాడ వరుస ముందు రెండు గీతలు అలాగే ఉంచి, వాటి మధ్య జాగా తగ్గించాడు. అక్కడున్న ముప్పై అంకె చెరిపేసి పైరోడ్డు మీద రాశాడు. తగ్గినట్టు కనబడకుండా మొత్తం నక్షానే కొంచెం చిన్నది చేశాడు. ఇక మిగిలింది రోడ్డు చుట్టూ మబ్బు గీయడం. చెయ్యి మౌస్ మీద ఉంది. ఆ గీత గీయడం రోజుకు నలభైసార్లు చేసే పని. గీయలేదు.

ఫైలు రాజ్యానికి పంపి, తనకో ప్రింటు తీస్తుంటే ఆఫీసు పెద్ద రామ్మోహనరావు వెనక నిలబడి ఉన్నాడు. గుంటూరు మనిషి, మల్లేశ్‌కు పని నేర్పిన గురువు.

"ఏంటయ్యా ఇది, మన ప్రాజెక్టు కాదే?"

"మా ఊరి నక్షా సార్. కొత్త ఇండ్లకు."

రామ్మోహనరావు కాగితం అందుకుని, కళ్లజోడు సర్దుకుని చూశాడు. మబ్బు మీద వేలు పెట్టి మెచ్చుకోలుగా తలాడించాడు. "ఊరి పనికి కూడా క్లౌడ్ పెట్టావంటే నేను చెప్పింది ఒంటబట్టిందన్నమాట. వెరీ గుడ్. మార్చి క్లౌడ్ పెట్టకపోతే అవతల మనుషులు మునిగిపోతారయ్యా" అన్నాడు.

మల్లేశ్‌కు తల కొట్టేసినట్టయింది. కాగితం మడిచి బ్యాగులో దోపుకున్నాడు.

శుక్రవారం సెలవు. గదిలో శుక్రవారం కూర ఎప్పుడూ హన్మాండ్లే వండుతాడు. ఆ పొద్దున మటన్ పొయ్యి మీద పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని, తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుని వచ్చాడు. మంచం మీద దుప్పటి సర్ది, "తే బిడ్డా, మన ఊరును సూద్దాం" అన్నాడు. పెండ్లిపిల్ల ఫోటో చూడబోతున్నవాడిలా మొహం వెలిగిపోతోంది.

మల్లేశ్ కాగితం పరిచాడు. హన్మాండ్లు వేలు నేరుగా త్రికోణం మీదికి పోయింది. రెండో మార్పు. అక్కడినుంచి మబ్బు గీత వెంబడి ఒక చుట్టు తిరిగి, లోపలికి దిగి ప్లాట్లు లెక్కపెట్టాడు. పద్నాలుగు. ఒక్కొక్కదాని కొలతా చూశాడు. నీళ్ల ట్యాంకు చోటు చూశాడు. తర్వాత వేలు కిందికి జరిగి పదకొండు మీద ఆగింది.

"మనది గిదే గదా?"

"ఆ."

"అక్షరాలేంది, చీమలు వారినట్టు చిన్నగైనయి?"

"పేపరు పట్టలేదు కాక. సైజు తగ్గించిన."

"ఓహో." వేలు పదకొండు ముందున్న రెండు గీతల మీద ఒక్క క్షణం ఆగింది. "మబ్బు బయటిదంత పాతదే గదా బిడ్డా?"

చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. ఆయనే అడిగాడు, మొహంలో మొహం పెట్టి మరీ అడిగాడు. మల్లేశ్ పొయ్యి వైపు చూస్తూ, "పాతదే కాక" అన్నాడు.

చెప్పాక తన గొంతు తనకే అసహ్యమనిపించింది. లేచి వెళ్లి, అవసరం లేకపోయినా కూర కలిపాడు.

హన్మాండ్లు ఫోన్ తీసి, నోటి దగ్గర పెట్టుకుని, ఊరవతల ఉన్నవాళ్లకు వినబడేంత గట్టిగా భార్యకు మెసేజ్ పెట్టాడు. "అంజవ్వా! నక్షా వచ్చింది. నేను సూసిన. మబ్బు బయట ఏం మారలే. రోడ్డు మన ఇంటి ముంగటనే ఉన్నది. ఆయితారం సభకు వోయి ఏలుముద్ర ఏయి. మన పద్దెనిమిది ఇండ్లోల్లకు సుత చెప్పు. హన్మాండ్లు సూసిండు, బుగులు లేదు, ఏయుండ్రి అని చెప్పు."

ఫోన్ పక్కన పెట్టి మల్లేశ్ వైపు తిరిగాడు. "మా అవ్వకు పానం బాగ లేనినాడు ఆటో మా సందులకు రాకపాయె బిడ్డా. మంచం మీద ఏసుకొని రోడ్డు దాక మోసినం. తొవ్వలనే పాయె. కొత్తింటి కాడ గా తిప్పలుండదు. దర్వాజ తీస్తే రోడ్డే."

కూర దిగాక హన్మాండ్లు గిన్నెలో గరిటె పెట్టి వెతికి వెతికి మూలుగ బొక్క తీసి మల్లేశ్ కంచంలో వేశాడు. "తిను. ఊరి పని చేసినవ్" అన్నాడు. మల్లేశ్ దాన్ని చేత్తో పట్టుకున్నాడు గాని నోట్లో పెట్టుకోలేకపోయాడు. కడుపులో బాగాలేదని చెప్పి చెయ్యి కడుక్కున్నాడు. అయ్యో అని హన్మాండ్లు ఆ ఎండలో బకాలా కొట్టుకు నడిచి వెళ్లి, మజ్జిగ డబ్బా పట్టుకొచ్చాడు. తిట్టినా బాగుండేది.

సాయంత్రం మాలతి మెసేజ్ పెట్టింది. గొంతు నిండా సంబరమే. "ఏమయ్యా, మనది మూలమీద వడ్డదట గదా! రాజ్యం బావ ఇంటికొచ్చి చెప్పిండు. అత్తమ్మయితే ఇప్పుడే మడిగె పేరు సుత పెట్టింది. నువ్వు నాకొక్క ముచ్చట చెప్పలే, దొంగ!"

దొంగ అని ముద్దుగానే అంది.

శనివారం యార్డులో చిన్న గొడవ జరిగింది. ఆఫీసు నుంచి వెళ్లిన ఒక దూలం డ్రాయింగులో కొలత మారింది, మబ్బు లేదు. గీసినవాడు వేరే డ్రాఫ్ట్స్‌మన్. కోసిపెట్టిన కడ్డీ రెండంగుళాలు తక్కువ పడటంతో హన్మాండ్లు పట్టుకున్నాడు. ఇక పని ఆపేసి కూర్చున్నాడు. ఫోర్‌మన్ వచ్చి యల్లా యల్లా అని తొందరపెట్టినా కదలలేదు.

"బాదల్ కహా హై? బాదల్ లావ్, ఫిర్ కాటూంగా" అన్నాడు. మబ్బు తెస్తేనే కోస్తాడట, అంతే.

రామ్మోహనరావు గీసినవాణ్ని ఉతికి ఆరేసి, మబ్బు వేయించి, ఆ కాగితం ఇచ్చి మల్లేశ్‌ను యార్డుకు పంపాడు. పన్నెండున్నర కావస్తోంది. మధ్యాహ్నపు విరామానికి పనివాళ్లు రేకుల షెడ్డు కిందికి చేరుతున్నారు. హన్మాండ్లు కాగితం అందుకుని, మబ్బు చూసి, తృప్తిగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. పక్కన కూర్చున్న పీరాతో చెప్పాడు. పీరాది నిజామాబాద్ వైపు ఊరు, కడ్డీలు కోసే మిషన్ మీద పని.

"సూసినవా పీరా? ఆఫీసోల్లల్ల ఎవ్వలు గీసినా నేను రెండు మాట్లు సూస్త. గీ పోరడు గీసింది మాత్రం ఒక్కమాటే సూస్త. మా ఊరోడు."

పీరా నవ్వి మల్లేశ్ భుజం తట్టాడు. ఆ దెబ్బకు మల్లేశ్ కుంచించుకుపోయాడు. భూమి చీలితే అందులోకి పోదామనిపించింది గాని ముసఫ్ఫా కాంక్రీటు అంత తేలిగ్గా చీలదు.

"కాక" అన్నాడు.

"చెప్పు బిడ్డా."

"ఆ ఊరి నక్షా..."

"మంచిగున్నది. మల్ల మల్ల అడుగకు, దిష్టి తాకుతది." హన్మాండ్లు తువ్వాలు మొహం మీద కప్పుకుని, ఇసుక బస్తాకు తల ఆనించి పడుకున్నాడు. అరనిమిషంలో గురక. లేపి చెప్పొచ్చు. మల్లేశ్ ఆయన తలాపున కాసేపు నిలబడి, ఏసీ క్యాబిన్‌కు నడిచిపోయాడు.

ఆదివారం ఉదయం పదింటి టీ వేళకు ఊరి వాట్సాప్ గ్రూపులో ఫోటోలు మొదలయ్యాయి. బడి వరండాలో బల్ల, బల్ల మీద నక్షా, దాని వెనక కండువా వేసుకుని రాజ్యం. తర్వాత ఆడవాళ్ల వరుస. పద్దెనిమిది ఇండ్లలో మగవాళ్లు సగంమంది గల్ఫ్‌లోనే ఉన్నారు కాబట్టి ఆడవాళ్లే వచ్చారు. ఒక ఫోటోలో అంజవ్వ సిరా అంటిన బొటనవేలు పైకెత్తి ఫోటో తీసేవాళ్లకు చూపిస్తోంది. నవ్వితే ముందు పళ్ల సందు కనిపిస్తోంది. దాని కింద ఆమె మాట.

"వేసినం అందరం. కాగితాలు రేపు పగటీలికి మండలం ఆఫీసుకు వోతయట. మల్లేశ్ పటేలు గీసిండు, మా ఆయన సూసిండు, ఇగ మాకేం రంది?"

మల్లేశ్ టీ కప్పు కింద పెట్టేశాడు. ఆ రోజంతా ఏ గీత గీసినా అది ఎనిమిదడుగుల సందులాగే కనబడింది. మూడుసార్లు తప్పు చేసి మూడుసార్లు తిట్లు తిన్నాడు.

సాయంత్రం గదికి వచ్చేసరికి హన్మాండ్లు బియ్యం కడుగుతున్నాడు. మల్లేశ్ చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, ఆగితే మళ్లీ చెప్పలేనని తెలిసి, ఒక్క ఊపున చెప్పేశాడు.

"కాక, నక్షాల రోడ్డు మారింది. నేనే మార్చిన. మబ్బు గీయలే."

బియ్యం కడుగుతున్న చెయ్యి ఆగింది. హన్మాండ్లు నీళ్లు వంపి, గిన్నె పొయ్యి మీద పెట్టి, మంట అంటించి, చెయ్యి తుడుచుకుని పరుపు కింద నుంచి కాగితం తీశాడు. ఈసారి వేలు మబ్బు దగ్గరికి పోలేదు. ముప్పై అని రాసున్న ఒక ప్లాటు వెడల్పును బొటనవేలి గోరుతో కొలిచి, ఆ గోటిని పదకొండో నంబరు ముందున్న రెండు గీతల మధ్య ఆనించాడు. గోటిలో మూడో వంతు కూడా లేదు ఆ జాగా. గోరు పైకి తీసుకుపోయి పైవరుస రోడ్డు మీద పెట్టాడు. సరిపోయింది.

"ఎనిమిది ఫీట్లు" అన్నాడు.

"రాజ్యం అన్న జరుపుమన్నడు కాక. నా ప్లాటు మూలకొస్తదన్నడు."

తిడతాడనుకున్నాడు మల్లేశ్. కొట్టినా పడదామనుకున్నాడు, కొడితే ఎంతో కొంత తీరుతుందనుకున్నాడు. హన్మాండ్లు మాత్రం గోరు కాగితం మీదనుంచి తీయకుండా, "పద్దెనిమిది ఇండ్లోల్లకు నేను సూసిన్నని చెప్పిన గదా" అన్నాడు. ఇంకెవరితోనో అంటున్నట్టు మళ్లీ అన్నాడు. "సూసిన్నని చెప్పిన."

"ఇప్పుడే సరిచేస్త. రోడ్డు సుట్టు మబ్బు గీసి గ్రూపుల పెడ్త. నేనే మార్చిన, కిందివాడోల్లకు చెప్పకుంట మార్చిన అని రాస్త."

"పెట్టు" అన్నాడు హన్మాండ్లు.

మల్లేశ్ ల్యాప్‌టాప్ తెరిచాడు. రోడ్డు పొడవునా మబ్బు గీశాడు. అది గీస్తుంటే చెయ్యి తేలికైంది. ఫైలు ఫోన్‌లోకి ఎక్కించాడు. కింద రెండు వాక్యాలు రాశాడు. రెండువందల పన్నెండుమంది ఉన్న గ్రూపు తెరిచి, బొటనవేలు బాణం గుర్తు మీదికి తెచ్చాడు.

సరిగ్గా అప్పుడే మాలతి ఫోటో వచ్చింది. బడి వెనక ఖాళీ జాగాలో, సున్నం పోసిన మూల మీద అత్తాకోడళ్లిద్దరూ నిలబడి దిగారు. తల్లి కొత్త చీర కట్టుకుంది.

వేలు ఆగిపోయింది. పొయ్యి మీద ఎసరు మరిగింది. హన్మాండ్లు మంచం అంచున కూర్చుని అతని వేలినే చూస్తున్నాడు. తొందరపెట్టలేదు. అన్నం సగం ఉడికింది. మంట తగ్గించడానికి ఒకసారి లేచి, మళ్లీ వచ్చి అదే చోట కూర్చున్నాడు. అన్నం పూర్తిగా ఉడికింది.

"రేపు పొద్దుగాల పెడ్త కాక" అన్నాడు మల్లేశ్, తలెత్తకుండా. "మాలతికి ముందుగాల ఒక మాట చెప్పి పెడ్త. ఆడోల్లిద్దరే ఉన్నరు. కమిటీ సంగతి నీకెర్కనే గదా."

"ఎర్కనే."

"పొద్దుగాల పక్కాగ పెడ్త."

"సరె" అన్నాడు హన్మాండ్లు. పొయ్యి ఆర్పాడు. తన ఫోన్ తీసి, అదే గ్రూపు తెరిచి, మైకు గుర్తు మీద వేలు నొక్కి పట్టుకుని మాట్లాడాడు. ఈసారి గట్టిగా మాట్లాడలేదు.

"అందరికి దండం. నేను హన్మాండ్లును. నాకు నక్షా సదువ రాదు. ఇరువై ఏండ్ల సంది వస్తదని చెప్పుకుంట తిరిగిన, అబద్ధం. రోడ్డు మా ముంగటనే ఉన్నదని మావోల్లకు చెప్పిన, అది తప్పు. నా మాట ఇని మావోల్లు తెల్వక ఏలుముద్రలేసిండ్రు. తెల్వక ఏసిన ఏలుముద్ర చెల్లదు. అంజవ్వా, రేపు పొద్దుగాల్ల పద్దెనిమిది ఇండ్లోల్లు కలిసి మండలం వోయి గిదే ముచ్చట చెప్పుండ్రి. నక్షా మల్ల సభల సదివి ఇనిపియ్యమనుండ్రి. తప్పు నాది."

వేలు తీశాడు. మెసేజ్ వెళ్లిపోయింది. మల్లేశ్ పేరు అందులో లేదు.

ఆపాల్సింది మల్లేశే. అది అబద్ధమని అక్కడే, ఆ నిమిషంలోనే అనాల్సింది. చేతిలో ఫోనుంది, ఫోనులో మబ్బు గీసిన నక్షా సిద్ధంగా ఉంది. ఆ ఫోన్ మంచం మీద బోర్లా పెట్టేశాడు. పైగా, చెప్పుకుంటే సిగ్గుచేటు, గుండెలో ఏదో బరువు దిగినట్టు కూడా అయింది. ఆ సంగతి గమనించుకున్నాక ఇక తన మొహం తను చూసుకోలేకపోయాడు.

గ్రూపులో నవ్వుల బొమ్మలు మొదలయ్యాయి. రాజ్యం గొంతు వచ్చింది. "ఇరువై ఏండ్లు దుబాయ్‌ల ఏం ఎలుగవెట్టినవ్ రా హన్మాండ్లూ? కడ్డీలెట్ల వంచినవ్, సోది అడిగి వంచినవా?" దాని కింద ఇంకో పాతిక నవ్వులు.

అంజవ్వ నుంచి ఫోన్ వచ్చింది. గది చిన్నది, ఆమె మాటలు మల్లేశ్‌కూ వినబడ్డాయి. "అదేందయ్యా గట్ల చెప్పినవ్? నువ్వు సదువుతవని నేను ఊరంత చెప్పుకున్న. మొకం ఎట్ల సూపెట్టాలె నేను?"

"రేపు మండలం పో" అన్నాడు హన్మాండ్లు. "మొకం సంగతి తర్వాత సూద్దాం."

అన్నం గిన్నె మధ్యలో పెట్టాడు. తన కంచంలో తను వడ్డించుకున్నాడు. మల్లేశ్‌కు వడ్డించలేదు. వద్దనీ అనలేదు, గరిటె గిన్నెలోనే ఉంచాడు.

సోమవారం సాయంత్రానికి కబురు తెలిసింది. పద్దెనిమిది ఇండ్ల ఆడవాళ్లూ రెండు ఆటోల్లో మండలం పోయి, అధికారి ముందు ఆ మెసేజ్ వినిపించారు. తమకు అర్థం కాకుండా వేలిముద్రలు వేశామని చెప్పారు. ఆయన కాగితాలు పక్కన పెట్టించాడు. సభ మళ్లీ జరగాలి, ఒక్కొక్క రోడ్డూ అందరి ముందూ చదివి వినిపించాలి, అప్పటిదాకా పాత నక్షాయే నక్షా. ముప్పై అడుగుల రోడ్డు మళ్లీ పదకొండో నంబరు ముందుకు వచ్చింది. రాజ్యం ఎగిరిపడ్డాడు గాని చదువు రానివాణ్ని ఏమని పట్టుకుంటాడు? నాలుగు బూతులు తిట్టి ఊరుకున్నాడు.

మల్లేశ్ ఇంటికి నీళ్లు బంద్ కాలేదు, పాలు బంద్ కాలేదు. మూలప్లాటు పోయినందుకు మాలతి మాత్రం రెండు పూటలు మాట్లాడలేదు. మల్లేశ్ సోమవారం పొద్దున పెడతానన్న మెసేజ్ పెట్టలేదు. సాయంత్రమూ పెట్టలేదు. ఇప్పుడు పెట్టి లాభమేముంది, పని అయిపోయింది కదా అని ఒక సాకు దొరికింది. సాకులకేం, అడక్కుండానే దొరుకుతాయి.

మంగళవారం ఉదయం కొత్త పునాదికి డ్రాయింగు బయటికి వచ్చింది. రామ్మోహనరావు దాన్ని మల్లేశ్ చేతికిచ్చి, "హన్మాండ్లుకు ఇచ్చిరా, ఆయనైతే నిమిషంలో చూసేస్తాడు" అన్నాడు. ఆంధ్రా మనిషి, ఊరి గ్రూపు కబురు ఆయనదాకా రాలేదు.

యార్డుకు మాత్రం వచ్చేసింది. జిల్లావాళ్లు పదిమంది ఉన్నచోట గ్రూపు కబురు ఆగుతుందా? పనివాళ్లు షెడ్డు కింద గుంపుగా నిలబడి ఉన్నారు. హన్మాండ్లు వాళ్ల ముందు నిలబడి ఉన్నాడు. పీరా అటు ఇటు చూస్తున్నాడు గాని హన్మాండ్లు మొహం వైపు చూడటంలేదు. వెనక ఎవరో కుర్రకారు ఏదో అని కిసుక్కుమన్నారు.

మల్లేశ్ కాగితం చాపాడు. హన్మాండ్లు అందుకోలేదు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి భుజం మీద వేసుకున్నాడు. రెండు చేతులూ పొట్ట మీద కట్టుకున్నాడు.

"నాకు సదువ రాదు గదా" అన్నాడు. "మీరే సదివి చెప్పుండ్రి పటేలా."

ఒకే గదిలో ఉన్న పదేళ్లలో పటేలా అన్న మాట ఆయన ఎన్నడూ అనలేదు. ఎగతాళిగా అన్నా బాగుండేది. గొంతులో ఎగతాళి లేదు, కోపమూ లేదు. మోతుకుంటలో కాపు ఇంటి గుమ్మం ముందు ఎలా అంటారో అలాగే, అణకువగా అన్నాడు.

పది జతల కళ్లు మల్లేశ్ మీద ఉన్నాయి. ఈయనకు నక్షా రాకపోవడమేమిటి, మీకు తెలియదా, అని గట్టిగా ఒక్క మాట అంటే చాలు. ఆ మాట అంటే, ఊరి నక్షా మార్చింది తనేనన్న తర్వాత మాట కూడా చెప్పాలి. మల్లేశ్ కాగితం విప్పాడు. మూడు చోట్ల మబ్బులున్నాయి. మొదటి దాంట్లో ఏముందో చదివాడు. కడ్డీ మందం, పొడవు, ఎన్ని. హన్మాండ్లు ప్రతి అంకెకూ బుద్ధిగా తలాడిస్తున్నాడు. రెండోది చదివాడు. మూడో మబ్బు మీద వేలు పెట్టి, అంకె చదవకుండా ఆగిపోయాడు.

హన్మాండ్లు కట్టుకున్న చేతులు విప్పలేదు.

"ఆగిండ్రేంది పటేలా?" అన్నాడు. "సదువుండ్రి. మేం నమ్ముకొని కోస్తం."